రిలీవరు వచ్చేదాకా ఆగిన గడియారం

1972 జూలై మూడో తేదీ సోమవారం, ఉదయం ఏడు గంటల యాభై రెండు నిమిషాలకు శ్రీమతి గౌరీశ్వరి గారు మన కర్మాగారపు టైమ్ ఆఫీసులో జూనియర్ గుమాస్తాగా ప్రవేశించారు. ఎనిమిది నిమిషాలు ముందుగా ఎందుకొచ్చావని పెద్దగుమాస్తా అడిగితే, తగరపువలస బస్సును నమ్మలేక దానికి ముందు బస్సెక్కానని బదులిచ్చారట. ఆనాటి నుంచి ముప్ఫై అయిదేళ్లపాటు వేలాది మంది కార్మికుల రాకపోకల నిమిషాలను పసిబిడ్డల్లా కాపాడిన ఆ ధన్యజీవి, ఈ సెప్టెంబరు నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

తొలి ఇరవై రెండేళ్లూ ఆమెది కార్డుల కాలం. గేటు దగ్గరి గడియారంలో కార్డు పెడితే టక్కున అచ్చుపడేది. ఆ అంకెను ఆమె రిజిస్టరులోకి ఎక్కించేవారు. ఒకసారి ఎక్కిన అంకెను దిద్దడమన్నది ఆమె ఎరుగరు. నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన జనరల్ మేనేజరుగారి పేరెదుట కూడా ఎర్రసిరాయే పడింది. బతిమాలినవాళ్లతో ఆమె అనే మాట ఒక్కటే: "గడియారానికి మొహమాటం ఉండదండీ." పట్టిన కుందేటికి మూడే కాళ్లని వెనకాల నవ్వుకున్నవాళ్లమే, మన హాజరు ఆమె చేతిలో ఉన్నదన్న ధీమాతో ఇంటికి వెళ్లేవాళ్లం.

1994లో కంప్యూటర్లు వచ్చాయి. నలభై అయిదేళ్ల వయసులో, చత్వారపు కళ్లద్దాలతో, కుర్రకారు మధ్య కూర్చుని ఆమె ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. మరో అయిదేళ్లకు అన్ని వర్క్‌షాపుల కంప్యూటర్లనూ ఒకే వైరుతో కలిపారు. గేటులో ఎవరు పంచ్ చేసినా ఆ క్షణమే ఆమె తెర మీద కనబడే ఏర్పాటు ఆమె స్వహస్తాలతో రాసిందే.

ఇక ఆట సంగతి. రోలింగ్ మిల్లు విశ్రాంతి గది నేల మీద సుద్దముక్కతో గీసిన పులి-మేక పటం ఎప్పుడూ ఉండేది. మూడు పులులు, పదిహేను మేకలు. పులులు మేకల మీదుగా దూకి తింటాయి, మేకలు పులులను కదలకుండా చుట్టుముడతాయి. ఆట రసపట్టులో ఉండగా షిఫ్టు మారేది, ఎదుటి ఆటగాడు వెళ్లిపోయేవాడు, స్వీపరు పటం తుడిచేసేవాడు. ఇది చూసి మనసు కరిగిన గౌరీశ్వరి గారు 2001లో ఆ పటాన్ని కంప్యూటర్లలోకి ఎక్కించారు. వీలున్నప్పుడు ఒకరు ఎత్తు వేస్తే, వీలున్నప్పుడు రెండోవారు వేయవచ్చు. ఆ వీలుకు మాత్రం హద్దు పెట్టారు: ఎత్తుకు పన్నెండు గంటలు. ఎనిమిది గంటల డ్యూటీ పోను ఇంకా నాలుగు గంటలుంటాయి, ఎవరికైనా అది చాలునని ఆమె లెక్క.

ఇల్లు అలకగానే పండుగ కాదు. ఆ ఏడాది పోటీ ఫైనలుకు పులుల వైపు గౌరీశ్వరి గారే వచ్చారు. మేకల వైపు గోపాలపట్నం వాస్తవ్యులు, క్రేన్ ఆపరేటరు శ్రీ అప్పలసూరి. రెండు పులులు అప్పటికే కదలకుండా కట్టుబడిపోయాయి. మూడోదానికి ఒక్కటే దారి మిగిలింది. మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆమె ఎత్తు వేశారు. బుధవారం తెల్లవారేసరికి కంప్యూటరు ఆమెనే విజేతగా ప్రకటించింది, అప్పలసూరికి సమయం మించిపోయిందని.

ఎనిమిదికి ఆమె టైమ్ ఆఫీసు తలుపు తీసేసరికి అప్పలసూరి గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఇంటికి వెళ్లలేదు, ఒంటి మీది మసి కడుక్కోలేదు.

"మేడంగారూ, నాను ఓడిపోనేదండి. మీ గడియారం ఓడించీసింది."

"రూలు అందరికీ ఒకటే కదా అప్పలసూరి గారూ."

"రూలొకటేనండి. మీకు కంప్యూటరు సెయ్యి సాస్తే అందుతాది. నాకు క్రేను దిగి నలభై రెండు మెట్ల కింద ఉంటాది. రాత్రి నన్ను దింపాల్సిన అబ్బులు డ్యూటీకి రానేదు. రిలీవరు రాకండా కుర్సీ ఒగ్గీసి దిగిపోమంటారేటి?"

ఆమె కంప్యూటరులో హాజరు తెరిచి చూశారు. అప్పలసూరి: లోనికి మధ్యాహ్నం ఒకటి నలభై ఎనిమిది, వెలుపలికి ఉదయం ఆరు గంటల ఏడు నిమిషాలు. అన్నం క్యారేజీని సైతం తాడుతో పైకి లాక్కుని, కింద పనిచేసే మనుషుల తలల మీదుగా కాలే ఇనుమును మోస్తూ అతను గడిపిన పదహారు గంటలూ ఆమె సొంత రిజిస్టరులోనే ఉన్నాయి. అన్నీ తెలిసిన ఆ గదిలో కూర్చుని, ఏమీ తెలియని గడియారాన్ని తయారు చేశానన్న సిగ్గు ఆమెను నిలువునా ముంచింది.

"ఏటి సేసీసినాను నాను," అన్నారు. ముప్ఫై ఏళ్లుగా ఆఫీసులో పుస్తకాల భాష తప్ప పలకని మనిషి నోట తగరపువలస మాట మేము వినడం అదే మొదలు.

ప్రకటించిన ఫలితం మార్చడం కుదరదని క్రీడాసంఘం అన్నది. అంకె దిద్దరన్న పేరే ఆమె ఆస్తి. ఆ పేరు పోయినా సరేనని, తన గెలుపును తన చేతులతోనే కొట్టివేసి నోటీసు బోర్డు మీద సంతకం పెట్టారు. సరైన నియమం దొరికేదాకా ఫైనలు ఆగింది.

మొదట గడువును మూడు రోజులకు పెంచి చూశారు. ఓడిపోయే ఆటగాళ్లు ఊపిరి బిగబట్టి కూర్చోవడం మొదలుపెట్టారు. కొనుగోళ్ల విభాగం అచ్యుతరామయ్యగారు ఒక్క మేకను కదపడానికి దసరా సెలవులన్నీ వాడుకున్నారు. తర్వాత, డ్యూటీలో ఉన్నంతసేపూ గడియారం ఆపి చూశారు. ఆఫీసువాళ్లు డ్యూటీలో తప్ప ఆడరు కనుక వాళ్లకు పండగే అయింది. చివరికి ఒకనాడు ఆమె మిల్లులో షిఫ్టు మారే వేళ నిలబడి చూశారట. వచ్చినవాడు సంతకం పెట్టి బాధ్యత అందుకునేదాకా దిగేవాడు కుర్చీ వదలడు. ఆటలోనూ అంతే కావాలని అప్పుడు తోచింది. ఎదుటివాడు ఎత్తు వేసినంత మాత్రాన మన సమయం మొదలుకాదు. మనం తర్వాతిసారి గేటులో పంచ్ చేసి లోనికి వచ్చినప్పుడే మొదలవుతుంది. అక్కడి నుంచి ఒక రోజు గడువు. షిఫ్టు దాటి ఆగిపోవలసి వస్తే అన్ని నిమిషాలూ గడువుకు కలుస్తాయి. "అందరికీ ఒకే సమయమివ్వడం న్యాయమనుకున్నాను. కాదు, ఎవరి సమయం వాళ్లకివ్వడం న్యాయం," అని ఆమె తరచూ చెప్పేవారు.

ఫైనలు ఆగినచోటి నుంచి మళ్లీ మొదలైంది. అప్పలసూరి ఒక్క ఎత్తులో మూడో పులిని కట్టేశారు. కప్పు అందించింది గౌరీశ్వరి గారే. ఆమె అంత సంతోషంగా ఓడిపోవడం చూసి మాకు కొంచెం అసూయ కలిగింది. ఈ ఆరేళ్లలో సమయం చాలక అన్యాయమైపోయానని ఒక్కరూ ఆ గుమ్మం తొక్కలేదు.

ఆ ఇద్దరి మధ్య ఇప్పుడూ ఒక ఆట నడుస్తున్నది. ఈసారి మేకలు ఆమెవి. కిందటి వారం క్యాంటీనులో ఎవరో, నెలాఖరుకు ఇది తేలదు, మేడంగారు వెళ్లిపోతే గడువు దాటి ఓడిపోతారు కాబోలు అన్నారు. అప్పలసూరి టీ గ్లాసు కింద పెట్టారు.

"ఎలాగోడిపోతారు? ఆఖరి రోజు సాయంత్రం మేడంగారు పంచ్ చేసి గేటు దాటీదాకా ఆగుతాను. అప్పుడేస్తాను నా ఎత్తు. టైము మొదలయ్యీది తర్వాత పంచ్ నుంచే కదా. మేడంగారికి మరి పంచ్ నేదు."

పక్క బల్ల దగ్గర కూర్చున్న గౌరీశ్వరి గారు కళ్లద్దాలు తీసి పమిటతో తుడుచుకున్నారు. "రూల్లో ఆ సందు నాకు అగుపడనేదు నాయినా," అన్నారు.

"దిద్దీస్తారేటి?"

"దిద్దను."

గౌరవనీయులైన గౌరీశ్వరి గారికి సహోద్యోగులందరి తరఫున నమస్సులు. భగవంతుడు మీకు సంపూర్ణ ఆరోగ్యాన్నీ, మనశ్శాంతినీ, నిండు నూరేళ్ల ఆయుష్షునూ ప్రసాదించుగాక. గేటు బయట, మన క్లబ్బులో ఒక కంప్యూటరు మీ కోసం తెరిచే ఉంటుంది. ఆట మీ వంతు వద్ద ఆగి ఉంటుంది, గడియారం నడవదు. తీరిగ్గా ఆలోచించుకుని రండి.