రికార్డులు రాసే బెంచీ

చేతగాదంటరా? ఆడపిల్లలు రాతల ఫస్టు, చేతల లాస్టు అంటరా? మంచిగ అతికించిన్రు చక్రపాణి సార్. ఎన్నేండ్ల సంది అంటున్నరో గీ మాట, నోట్లెనే అరిగినట్టుంది.

నా బిడ్డ ప్రణీతకు మీ కెమిస్ట్రీ పరీక్షల అరవైకి యాభై ఎనిమిది. కాలేజిల ఇంకెవ్వరికి రాలే. అదే పిల్ల నిన్న ప్రాక్టికల్‌ల బ్యూరెట్ గాజుగొట్టం పట్టుకొని ఊకె నిలవడ్డదట. కింద పిడి తిప్పితె మందునీళ్లు దిగుతయని తెల్వక. పరీక్ష పెట్టనీకి బయటినుంచి వచ్చిన సార్ ముందట. బలంగ తిప్పింది, గాజు పగిలింది, మగపిల్లలు నవ్విన్రు. ఇంటికొచ్చి మంచినీళ్లు సుత ముట్టలే.

ఇప్పుడేమో గీ కాయితం. వచ్చే ఏడు సైన్సు విడిచి సీఈసీల చేరుతదని నేను సంతకం పెట్టాలె. మీ రిజల్టు ఖరాబు కావద్దు, గంతే కదా.

ఒకటడుగుత సార్. ఏడాది పొడుగు ఆ ల్యాబుల సీసాలు ముట్టిందెవరు?

మగపిల్లలు. ఆడపిల్లలు పద్నాలుగు మంది గోడ దిక్కు బెంచీ మీద కూసొని రికార్డులు రాసిన్రు. చేతిరాత ముత్యాల లెక్క ఉందన్నరట మీరు. వాళ్లయి వాళ్లే రాసిన్రు, మగపిల్లలయి సుత వాళ్లే రాసిన్రు. దాని క్లాసుల హరీష్ రికార్డు నా బిడ్డ రాసిందే. వానికి మంచి మార్కులేసిన్రు.

బాయి దగ్గరికి రానియ్యరు, ఈత రాదంటరు.

నేను ఏడు దాకనే సదివిన. లాల్‌గడి మలక్‌పేట్ దిక్కు మందుల కంపెనీల పదకొండేండ్ల సంది గాజు సామాను కడుగుతున్న. బ్యూరెట్లు, పిప్పెట్లు, ఫ్లాస్కులు. ఆడ తెల్లకోట్లేసుకొని కొలిచేటోళ్లల్ల సగం ఆడపిల్లలే. వాళ్లకు ఎవరు నేర్పిన్రో. మీరైతె కాదు.

ఏందీ... ముట్టనియ్యద్దని నేనే అన్ననంటరా?

అవును. నేనే అన్న.

జూన్‌ల, దీన్ని చేర్పించిన వారమే. మా కంపెనీల నాతోని కడిగే లతకు ఆసిడ్ చిట్లి చెంప కాలింది. నీళ్లు కొట్టింది నేనే. తెల్లారి మీ దగ్గరికొచ్చిన. కాళ్లు పట్టుకునుడొక్కటే తక్కువ. నా బిడ్డను సీసాల దగ్గరికి రానియ్యకుండ్రి, ఆడపిల్ల, మొఖం పాడైతె ఎట్ల అని బతిలాడిన. నేనే అన్న సార్.

నవ్వకుండ్రి. ఒక్క తల్లి భయపడి ఒక్క పిల్ల కోసం అన్న మాటకు పద్నాలుగు మందిని కూసోవెట్టిన్రా? లేకుంటె ముందు సంది ఆడపిల్లలను కూసోవెడుతున్న పెద్దమనిషికి నా మాట అక్కరకొచ్చిందా? నాకు చెప్పకుండ్రి. వాళ్ల తల్లులకు చెప్పుండ్రి.

కాయితం మీ దగ్గరనే ఉంచుకోండ్రి. సంతకం పెట్ట. సోమవారం నుంచి దాని చేతికి సీసా ఇయ్యిండ్రి. పగిలితె పగలనీ.

నా బిడ్డ బయట మెట్ల మీద కూసుంది. తన చేతులే పనికిరావనుకుంటాంది. అమ్మ జేసిన పనని తెల్వదు. ఇగ పోయి చెప్పాలె.

చెప్పినంక దానికి మీ మీద కోపం తగ్గుతది తియ్యిండ్రి, నా మీదికి మళ్లుతది. సంతోషపడుండ్రి.