తలవంపులు

ఆ ఉలి కాస్త పక్కన పెట్టండి జేబెజ్ మేస్త్రీ. పెట్టండంటుంటే! "ఎన్నడూ తల వంచని వీరుడు" అనేగా పెద్ద దొరసాని, యుద్ధంలో పోయిన కొడుకు జ్ఞాపకార్థం రాతి మీద చెక్కమంది? నాకు తెలుసు. ఈ చర్చి ఊడ్చేదాన్ని నేనే. నాకు తెలీకుండా ఇక్కడ ఎలుక కూడా ప్రార్థన చేసుకోదు.

మీరు పొరుగూరివాళ్ళు, మీకేం తెలుసు? ఇందాక లోపలికొస్తూ నుదురు కొట్టుకున్నారు కదా, మా వాకిలి అంతే. దేవుడింట్లోకి ఎవరైనా వంగే రావాలని పాతకాలం వాళ్ళు అలా కట్టారు.

మరి ఆ ఎత్తు వాకిలెవరిదంటారా? ఇంకెవరిది, దొరలది! ముత్తాత దొర గోడ పగలగొట్టించి పెట్టించాడు. పాపం ఏసు ప్రభువు గాడిద మీద సరిపెట్టుకున్నాడు. వీళ్ళకి మాత్రం గుమ్మం చాల్లేదు!

ఆ కొడుకే, మా లయనెల్ బాబు, ఆయనకి చిన్నప్పుడు వీపుకి చెక్క కట్టి నడిపించేవాళ్ళు. మెడ వాలకూడదని. అప్పుడు కోటలో వంట నాదే, నా వంటింటికి పారిపోయొచ్చి, "ఇది విప్పవే మార్తా, మీ విల్ఫ్‌తో ఆడుకోవాలి" అని ఏడ్చేవాడు.

ఆ విల్ఫే, నా కొడుకు, యుద్ధంలో ఆయన కింద సిపాయి. బాబేమో కెప్టెన్. ఫ్రాన్స్‌లో నీళ్ళూరుతున్నాయని కందకం లోతు తక్కువ తవ్వారట. "తల దించండి బాబూ" అంటే, "మా ఇంటా వంటా లేదురా విల్ఫ్" అనేవాడట. ఓరోజు జర్మనీవాడి గుండు టోపీ ఎగరేసుకుపోయింది. ఏం చేశాడనుకున్నారు? కొత్త టోపీ కోసం లండన్‌కి కబురు పెట్టాడు! తల సంగతి తర్వాత, టోపీ లేకపోతే పరువు పోదూ?

నవ్వకండి, చర్చి ఇది. సరే నవ్వండి, దేవుడూ నవ్వే ఉంటాడు.

చిత్రం చూడండి, నిటారుగా తిరిగినన్నాళ్ళూ ఒక్క గుండూ తగల్లేదు. ఆఖరికి మావాడు కాలు తెగి బురదలో పడ్డాడు. "నీళ్ళు" అన్నాడట. బాబు మోకాళ్ళేసి, నడుం వంచి, తల వంచి, వాడి నోటికి సీసా పట్టాడు. అప్పుడు తగిలింది, వీపులో.

మావాడు కర్రల మీద కోటకెళ్ళి ఈ మాట చెప్పాడు. కన్నతల్లికి ఓదార్పు అవుతుందనుకున్నాడు, వెర్రినాయన! ఆవిడేమందో తెలుసా? "నా కొడుకు నీబోటివాడి ముందు వంగాడా? వీపున దెబ్బ తిన్నాడా? మా వంశానికే తలవంపులు! అబద్ధాలకోరా!"

ఊరంతా దొరల ఉప్పు తినేవాళ్ళే కదా. ఊరూ అదే పాట ఎత్తుకుంది. అప్పట్నుంచీ మావాడు చర్చి గుమ్మం తొక్కడు. "నేను బతికిందే అబద్ధమంటుంటే, ఏ మొహంతో కీర్తనలు పాడనమ్మా?" అంటాడు. ఇప్పుడు మీరు రాతి మీద కూడా చెక్కేస్తే, ఇంకేముంది, వాడు శాశ్వతంగా అబద్ధాలకోరే!

ఏంటీ, చెప్పింది చెక్కకపోతే పనిపోతుందా? అయ్యో, మీ పొట్ట నేనెందుకు కొడతాను? ఒక్క అక్షరమూ మార్చకండి. రాయి ఎక్కడ పెట్టమంది? ఎత్తు వాకిలి పక్కనా? ఎంత ఎత్తులో పెట్టాలో చెప్పిందా? లేదూ!

అయితే ఇదిగో, ఇక్కడ. నేలకి జానెడు పైన. అక్షరాలు కాస్త చిన్నవి చెయ్యండి. ఆదివారం కొడుకు పేరు చదువుకోవాలంటే మహాతల్లి మోకాళ్ళేసి, నడుం వంచి, తల వంచి...

మోకాళ్ళ కింద దిండు నేనే వేస్తాలెండి. రాయి చల్లగా ఉంటుంది, పాపం, కన్నతల్లి.