సన్నదనానికి ఏడు కార్డులు

మా నిఘంటు కార్యాలయంలో అందరూ నమ్మే మాట ఒకటి ఉంది: ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఆంగ్ల విభాగ సంపాదకురాలికి, మనిషిని చూడగానే లోపలి రోగం కనబడుతుందని. 1989 జులై మూడవ తేదీన, వానకు తడిసిన నియామక పత్రంతో ఆమె మా మెట్లెక్కిన నాడు అటువంటి మహిమ ఏదీ నా కంటికి ఆనలేదు. విజ్ఞానశాస్త్ర విభాగానికి అధిపతిగా ఉన్న నన్ను ఆమె అడిగిన మొదటి ప్రశ్న మాత్రం గుర్తుంది.

"అచ్చయిపోయిన అర్థాలను మళ్ళీ ఎవరైనా సరిచూస్తారా సార్?"

"చూడరమ్మా. అందుకే అచ్చు వేస్తాం" అన్నాను.

ఆ హాస్యోక్తికి ఆమె నవ్వలేదు. ఆరేళ్ళు కార్డులు రాసే సహాయకురాలిగా, పదమూడేళ్ళు ఉపసంపాదకురాలిగా, ఆపైన విభాగ సంపాదకురాలిగా ఆమె సాగించిన కృషి యావత్తూ ఆ ప్రశ్నకు ఆమె తనకు తానే చెప్పుకున్న సమాధానం. మాటకొక కార్డు రాయడం మా కార్యాలయ సంప్రదాయం. కార్డు ముందువైపు పాత నిఘంటువుల అర్థాలుంటాయి. వెనుకవైపు ఖాళీగా వదిలేసేవాళ్ళం. ఆమె దానిని ఖాళీగా ఉండనివ్వలేదు. ఆ మాటతో నిత్యం పని ఉన్నవారిని వెతుక్కుంటూ వెళ్ళి, వారన్నది వారన్నట్లే, తేదీతో సహా అక్కడ నమోదు చేశారు. సంచీ భుజాన వేసుకుని ఆమె గడప దాటగానే మా అటెండరు, "కార్డులక్కయ్య బయల్దేరారు, ఇవాళ ఏ కొట్టువాడికి మూడిందో!" అనేవాడు.

2000వ సంవత్సరంలో విద్యార్థుల కోసం సంక్షిప్త నిఘంటువు సిద్ధమైంది. థిన్, స్లిమ్, స్లెండర్, లీన్, స్కిన్నీ, గాంట్, ఎమేసియేటెడ్ అనే ఏడు మాటలకూ కలిపి 'సన్నని' అని ఒకే అర్థం వేసి, స్థలం ఆదా చేసినవాడిని, పేజీల లెక్క కూడా చూస్తున్న నేనే. ఆమె ఆ ప్రూఫును నిలిపివేశారు. మాటల కోసం నర్సుల వద్దకు, వ్యాయామశాలకు, బట్టల దుకాణాలకు, మాంసం కొట్టుకు తిరిగారు. థిన్ అంటే మెప్పూ తెగడికా లేని వట్టి సన్నదనమని, స్లిమ్ అంటే చూసి ముచ్చటపడే నాజూకుతనమని, స్లెండర్‌లో తీగ వంటి సొగసు ఉందని, లీన్ అంటే కొవ్వు లేక కండ తేలిన దేహమని, స్కిన్నీలో బక్కపలచనివాణ్ణి ఎగతాళి చేసే గొంతు వినిపిస్తుందని, గాంట్ అంటే చెంపలు పీక్కుపోయి కళ్ళు లోతుకు పోవడమని, ఎమేసియేటెడ్ అంటే రోగంతోనో ఆకలితోనో కృశించి శల్యమవడమని ఆమె నిర్ధారించారు. తూనికయంత్రం అందరికీ ఒకే అంకె చూపవచ్చు. ఆ అంకె వెనుక ఒకరి గర్వమూ, ఒకరి అవమానమూ, ఒకరి మరణభయమూ ఉండవచ్చునని, జీవితమంతా కొలతలను నమ్ముకున్న నాకు తెలియజేసినవి ఆ ఏడు కార్డులే.

నిజానికి తెలిసినది నా ఒంటిమీదనే. ఆ రోజుల్లో నేను తొమ్మిది కిలోలు తగ్గాను. "పెళ్ళికొడుకులా ఉన్నారు సార్, కిటుకేమిటో మాకూ చెప్పండి!" అని గుమాస్తాలు మెచ్చుకుంటుంటే లోలోపల పొంగిపోయాను. ఇంట్లో మా ఆవిడ "చిక్కిపోయారండీ" అంటే, పెళ్ళయిన నాటి నుంచీ వింటున్న మాటే గనుక చెవిన పెట్టలేదు. ప్రూఫు సంగతి తేల్చడానికి ఆమె నా గదికి వచ్చారు.

"తొమ్మిది కిలోలు తగ్గాను. థిన్ అన్నా నేనే, స్లిమ్ అన్నా నేనే. ఒక్క అర్థం చాలదటమ్మా?" అని వాదించాను.

ఆమె చూపు నా మెడ దగ్గర, పైగుండీ పెట్టుకున్న కాలరు మీద ఆగింది.

"తగ్గాలని తగ్గారా సార్?"

"లేదు. దానంతటదే తగ్గింది."

"అయితే మీది స్లిమ్ కార్డు కాదు. ప్రూఫు రేపు చూద్దాం, ముందు డాక్టరు దగ్గరికి పదండి."

"నాకేమమ్మా, గుండ్రాయిలా ఉన్నాను!"

"గుండ్రాళ్ళు ఇలా అరిగిపోవు సార్. మీరే వస్తారా, అక్కయ్యగారికి ఫోన్ చెయ్యనా?"

మా ఆవిడ పేరెత్తాక ఇక ఎదురు చెప్పలేదు. దగ్గయినా లేకుండా ఊపిరితిత్తులను తినేస్తున్న క్షయ బయటపడింది. "ఇంకో రెండు నెలలు మెచ్చుకోళ్ళు వింటూ కూర్చుని ఉంటే, మా మందులతో మీకు పని ఉండేది కాదు" అన్నారు డాక్టరు. కోలుకుని వచ్చిన నాడు, ఏడు మాటలకు ఏడు అర్థాలు పట్టేందుకు నా విభాగం బొమ్మలు నాలుగింటిని నా చేతులతోనే తీసివేశాను.

ఆ వదంతి అప్పుడు పుట్టింది. నాటి నుంచి ఆమె బల్ల ముందు నాలుక చాపి నిలబడినవారు కూడా ఉన్నారు. "నేను డాక్టర్ని కాదు బాబూ" అని ఆమె అంటే, అది వినయమనుకున్నారు.

మహిమలను నేను నమ్మను. కనుక ఆమెను చూసి కలిగే ఆశ్చర్యం నాలో నేటికీ తరగలేదు. ఆమె ఇచ్చిన ఇరవై నాలుగేళ్ళు అనుభవిస్తున్నవాడిగా, అంతకు రెట్టింపు కాలం ఆమె చల్లగా, చులాగ్గా నడుస్తూ, ఎదుటివారి మాట చెవియొగ్గి వినాలని, భర్తకూ పిల్లలకూ ఆ సాహచర్యం నిండుగా దక్కాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను.

ఈ వ్యాసం కోసం పాత 'స్లిమ్' కార్డు తీయించి చూశాను. వెనుకవైపు, ఆమె నా గదికి రావడానికి తొమ్మిది రోజుల ముందటి తేదీతో, ఒక దర్జీ మాట ఉంది: "కావాలని తగ్గినవాళ్ళు చొక్కాలు బిగించమని నవ్వుకుంటూ వస్తారమ్మా. జబ్బుతో తగ్గేవాళ్ళు రారు. వదులు కాలరుకే పైగుండీ పెట్టుకుని తిరుగుతుంటారు."