ఎడమ దవడ

సకల జనుల సమ్మె శిబిరం నుంచి భర్త ఫిల్టరు నీళ్ళ క్యాను మోసుకొచ్చేసరికి ఆమె చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"ఇగ బోరు నీళ్ళు ముట్టద్దు. గా ఫ్లోరైడుతోనే క్యాన్సర్ అస్తదట. నా నోట్ల పుండు గందుకే."

"ఎవలు చెప్పిండ్రు?"

"టెంటుల అందరు అంటున్నరు."

"నీళ్ళ కోసం నేను గూడ కూసున్న గా టెంటుల. ఫ్లోరైడుతోని పండ్లు పచ్చవడ్తయ్, బొక్కలు వంగుతయ్. క్యాన్సర్ అస్తదని రుజువు లేదని మొన్న డాక్టర్ నీ ముంగటనే చెప్పలే?"

"మరి పుండు ఎట్లైంది?"

"తంబాకు ఏ దవడల పెడ్తవ్?"

అతని చెయ్యి ఎడమ దవడ మీదికి పోయింది.

"ఎడమ దవడల! పుండు గూడ గాడనే. జగిత్యాల దవాఖానకు పోయి పుండు ముక్క తీపిచ్చి పరీక్ష చేపిచ్చుకొమ్మంటే, నీళ్ళు మారుస్తున్నవ్!"

"బస్సులు బందున్నయ్ గదనే."

"ఆటోలు బందున్నయా?"

"సరే, రేపు పోదాం తియ్," అంటూ అతను అలవాటుగా చాటలోని తంబాకు వైపు చెయ్యి చాచాడు.

ఆమె ఆ చేతిమీద చెళ్ళున కొట్టింది. ఇరవై ఏళ్ళుగా ఆ చిటికెడు తీస్తుంటే చూస్తూ ఊరుకున్నది తనే.

"క్యాను గాడ పెట్టు. ముందుగాల నోరు కడుక్కో, గా బోరు నీళ్ళతోనే!"