పోర్టల్లో సున్నా

మంగళవారం ఉదయం పది గంటలకు నర్సింగ్ కాలేజీ పోర్టల్లో ఒక లెక్చరర్ పాఠాన్ని చూసిన విద్యార్థుల సంఖ్య సున్నా. ఆమె కాంట్రాక్టు పొడిగింపు కాగితం ప్రిన్సిపాల్ బల్ల మీద ఉంది.

“నలభై రెండు మందిలో ఒక్కరూ తెరవలేదేంటమ్మా?”

“వాళ్ళంతా ఫోన్ గ్రూపులో నేర్చుకుంటున్నారు సార్. డౌటు అడిగితే పాత స్టూడెంట్లు వార్డులోంచే జవాబు చెప్తారు. మొన్న అందరూ పాసయ్యారుగా.”

“పాసైతే సరిపోతుందా? ఎన్ని నిమిషాలు చదివారో పోర్టల్‌కి తెలియొద్దూ?”

“రోగికి సూది సరిగ్గా గుచ్చితే చాలనుకున్నాను సార్.”

“వెటకారం వద్దమ్మా. సాయంత్రం ఐదులోగా అందరూ ఆ పాఠం తెరవాలి. లేకపోతే ఈ కాగితం మీద సంతకం పెట్టను. పొద్దున్నే పోర్టల్లో నోటీసు కూడా పెట్టాను.”

“ఎవరైనా చూశారా సార్?”

“ఒక్కరు.”

“ఎవరు సార్?”

“నేనే. నవ్వకండి. ఆ నోటీసు కాస్త మీ గ్రూపులో పెట్టండి.”

ఐదు గంటలకు పోర్టల్ నలభై రెండు చూపింది. ప్రిన్సిపాల్ సంతకం చేసి, పొడిగింపు ఉత్తర్వును పోర్టల్లో పెట్టారు. మర్నాడు మధ్యాహ్నానికి దాన్ని చూసినవారు ఒక్కరు, మళ్ళీ ఆయనే.