వన్స్‌మోర్

నాచారంలోని ఒక బడిలో వార్షికోత్సవం రిహార్సల్ జరుగుతోంది. పాత పద్యనాటకాన్ని పిల్లల కోసం పావుగంట కామెడీగా కుదించిన టీచరమ్మ, ఒకప్పుడు అందులో రాజు వేషం కట్టిన పెద్దాయనను చూడటానికి పిలిచింది.

"మీరు ఒక్కసారి కూడా నవ్వలేదు సార్. మరీ ఎక్కువ కోసేశామా?"

"కోస్తే ఏమాయె మేడం. మా లెక్క తెల్లారేదాంక ఆడితే ఈ పిల్లలు కూసుంటరా? గా సచ్చిన రాణి లేసుడు మీకెవరు చెప్పిన్రు?"

"మా నాన్న. జనం వన్స్‌మోర్ అంటే చనిపోయిన రాణి కూడా లేచి, ఆ పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చనిపోయేదట. పిల్లలు అక్కడే పడి పడి నవ్వుతున్నారు."

"నిజమే. రాణి వేషం మా ఇంటామెనే కట్టేది. ఉప్పల్‌ల ఆడినప్పుడు మూడుసార్లు లేసింది. నా ఒళ్ళె తల వెట్టి, మోకాలు గుచ్చుతుందని మెల్లగ గొణుగుతుండె."

"అమ్మగారిని కూడా తీసుకురావాల్సింది."

"మొన్న ఎండకాలం సచ్చిపోయింది మేడం. అప్పుడు గూడ తల నా ఒళ్ళెనే ఉండె. ఎంత పిలిచినా లేవలే."

"అయ్యో. ఆ సీను తీసేస్తాను సార్."

"తీయకుండ్రి. ఇంకోసారి చేయమనుండ్రి. ఆ పిల్ల లేసేది సూస్త."