బాణం గుర్తు

మంచం మీద ప్లంబర్. పక్కన కుర్చీలో గుండె డాక్టరమ్మ. ఆవిడ చేతిలో రేపటి ఆపరేషన్ కాగితం. దాని మీద ఆయన సంతకం తప్ప అన్నీ ఉన్నాయి.

"పెడతానండీ, పెడతాను. ఇంకొక్కసారి చెప్పండి. ఒళ్ళంతా తిరిగొచ్చిన రక్తం ముందు ఎక్కడికొస్తుంది?"

"కుడివైపు పై గదికి. అక్కణ్ణించి కింది గదికి, అక్కణ్ణించి ఊపిరితిత్తుల్లోకి. గాలి నింపుకుని ఎడమ పై గదికి వస్తుంది, కింది గదిలోకి దిగుతుంది. అది గట్టిగా నొక్కితే మళ్ళీ ఒళ్ళంతా పోతుంది. ఇది మూడోసారి చెప్పడం."

"గదికీ గదికీ మధ్య వాల్వు."

"అవును. ముందుకే తెరుచుకుంటుంది, వెనక్కి పోనివ్వదు. మీకు ఎడమ గదుల మధ్యది సరిగ్గా మూసుకోవట్లేదు. రక్తం వెనక్కి తన్నుకొస్తోంది. అందుకే ఆయాసం."

"నలభై ఏళ్ళు ఊరందరి పంపులూ బాగుచేశాను. సొంత పంపు కారుతోందని తెలుసుకోలేని మహా మేస్త్రీని! ఆయాసమొస్తోందని మెట్లెక్కడం మానేశాను, చివరికి మా ఆవిడతో పోట్లాట కూడా మానేశాను. అప్పుడుగానీ ఆవిడకి అనుమానం రాలేదు."

"సంతకం."

"అదే... కొత్త వాల్వు మీద బాణం గుర్తుంటుందా?"

"బాణమా?"

"ఎటు పారాలో. మా వాటికుంటుంది. అది చూసి బిగించాలి. కంగారులో..."

"కంగారులో?"

"ఏం లేదులెండి."

"చెప్పండి."

"ఒకింట్లో తిరగేసి బిగించాను. మోటారు గీపెడుతోంది, మేడ మీద ట్యాంకులోకి చుక్క ఎక్కదు. మూడు రోజులు! నాలుగోనాడు తెలిసింది నా ఘనకార్యం. గుట్టుగా తిప్పి బిగించి..."

"'మోటారుకి వయసైపోయిందమ్మా' అన్నారు."

"అదే అన్నా... మీకెలా తెలుసు?"

"తర్వాత?"

"తర్వాతేముంది, టీ ఇస్తే సిగ్గులేకుండా తాగొచ్చాను. పాతికేళ్ళయింది. నవ్వకండి డాక్టరమ్మా, నాకు భయమేస్తోంది. నాలాంటి ఘనుడు మీ పనిలోనూ ఒకడుంటే? ట్యాంకు ఎండితే బకెట్లతో మోసుకుంటారు. నాకు ఏ బకెట్టుతో మోస్తారు?"

"బిగించేది నేనే. ఎటు తెరుచుకుంటుందో రెండుసార్లు చూసి మరీ కుడతాను."

"చూస్తాననే అంటారు అందరూ. ఆ ఇంట్లో నేనూ అలాగే అన్నాను."

"నేను చూడకుండా ఎలా ఉంటానండీ? ఆ మూడు రోజులూ మేడ మీదికి బకెట్లు మోసిన పిల్లని నేనే."